కాకుల పేజీలో పాలపిట్ట

దసరా ముందు మా బడిలో పాలపిట్ట మీద గోడపత్రిక వేయాలన్నారు. ఒక బొమ్మ, నాలుగు మాటలు, అడుగున శాస్త్రీయ నామం. బొమ్మ, మాటలు ఒక పూటలో అయిపోయాయి. అడుగు వరుస దగ్గర బండి ఆగింది. సలీం అలీ పుస్తకంలో కొరాసియాస్ బెంఘాలెన్సిస్ అని ఉంది. నెట్‌లో దింపుకున్న 1895 నాటి ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల మూడో సంపుటంలో కొరాసియాస్ ఇండికా అని ఉంది. ఫోన్‌లో వెతికితే బెంఘాలెన్సిస్ తర్వాత ఇండికస్ అని మూడో ముక్క కూడా తగిలించి ఉంది. అన్నీ ఒకే పిట్ట గురించే.

“ఏదో ఒకటి రాసెయ్యండి సార్, ఎవరు చూస్తారు” అన్నాడు తోటి మాస్టారు. ఇప్పుడు అందరూ వాడేది బెంఘాలెన్సిస్ కాబట్టి అదే రాసి గోడకి ఎక్కించాం. కానీ తెలంగాణ రాష్ట్ర పక్షికి బెంగాల్ పేరెలా వచ్చింది, మరి ఆ ఇండికా ఏమైంది అన్నది మాత్రం బుర్రలోంచి పోలేదు. దసరా సెలవులు చేతిలో ఉన్నాయి. ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. ఎవరైనా తమ ఊరి పిట్ట పేరు వెనక పడదామనుకుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట పట్టుకోవాల్సింది పేరుని కాదు, పేరు పక్కన ఉన్న బ్రాకెట్టుని. పూర్తిగా రాస్తే కొరాసియాస్ బెంఘాలెన్సిస్ (లిన్నేయస్, 1758). ఆ బ్రాకెట్టు అలంకారం కాదు. ప్రాణులకి రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ ఈ జాతిని మొదట వేరే ప్రజాతిలో (పేరులో మొదటి మాట ప్రజాతిది) పెట్టాడు, తర్వాత ఎవరో దాన్ని తీసుకొచ్చి కొరాసియాస్‌లో చేర్చారు అని దాని అర్థం. మన దేశపు వాయవ్య భాగాల మీదుగా ఆఫ్రికాకి వలసపోయే యూరప్ రోలర్ (పాలపిట్ట చుట్టాల్ని ఇంగ్లీషులో రోలర్లంటారు) ఉంది కదా, కొరాసియాస్ గారులస్, దాని పక్కన కూడా ఇదే లిన్నేయస్, ఇదే 1758. కానీ బ్రాకెట్టు లేదు. అంటే అది మొదటి నుంచీ ఇంట్లోనే ఉంది. మన పాలపిట్ట మాత్రం ఎక్కడో పుట్టి ఇక్కడికొచ్చింది. ఎక్కడ?

నేరుగా 1758 పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. నేనలా చేయలేదు, కొత్త నుంచి పాతకి ఒక్కో మెట్టూ దిగుతూ పోయాను. ఎందుకంటే మధ్యలో పేరు ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అన్నది ఈ మెట్ల మీదే దొరుకుతుంది. పైగా పాత పుస్తకాలు ఈ పనికి తయారుగా ఉంటాయి. బ్లాన్‌ఫర్డ్ రాసిన ఆ 1895 సంపుటంలో ప్రతి పక్షి పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక ముద్ద ఉంటుంది. ఇంతకు ముందు ఈ పక్షిని ఎవరెవరు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ పేరుతో రాశారో వరుసగా ఉంటుంది. పర్యాయనామాల పట్టిక అంటారు. మామూలుగా చదివేవాళ్ళు దాన్ని దాటేసి కింద వర్ణనకి వెళ్ళిపోతారు. నేను కూడా ఇన్నేళ్ళూ అదే చేశాను. నిజానికి సరుకంతా ఆ ముద్దలోనే ఉంది.

చిక్కేమిటంటే అదంతా పొడి అక్షరాల భాష. ‘బి. ఐ.’ అంటే జెర్డన్ రాసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’. ‘ఎస్. ఎఫ్.’ అంటే హ్యూమ్ నడిపిన ‘స్ట్రే ఫెదర్స్’ పత్రిక. ‘పి. జెడ్. ఎస్.’ అంటే లండన్ జువలాజికల్ సొసైటీ ప్రొసీడింగ్స్. ‘జె. ఎ. ఎస్. బి.’ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ జర్నల్. పక్షులు చూసేవాళ్ళలో సగం మందికి కూడా ఇవి తెలియవు. సంపుటం మొదట్లోనో చివర్లోనో ఎక్కడా వీటికి వివరణ దొరక్కపోతే, అదే రచయిత వేరే పక్షి కింద అదే పొడి అక్షరాన్ని కాస్త పొడుగ్గా రాసి ఉంటాడు, అక్కడ వెతకాలి. నాలుగైదు పక్షుల పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే అన్నీ విడిపోతాయి.

జెర్డన్ గురించి రెండు మాటలు చెప్పాలి. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. కొన్నాళ్ళు నెల్లూరులో పనిచేశాడు. మన కలివికోడిని ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారే, ఆ జెర్డనే. 1862 నుంచి 1864 దాకా వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షులకి వరుస నంబర్లు వేశాడు. ఆ నంబర్లే ఆ తర్వాత పాతికేళ్ళు దేశమంతా పక్షుల వాళ్ళకి అడ్రసుల్లా పనికొచ్చాయి. హ్యూమ్ పత్రికలో ఎవరు ఏ జిల్లా పక్షుల జాబితా రాసినా జెర్డన్ నంబరే ముందు వేశారు. పాలపిట్ట నంబరు 123. అస్సాం వైపు దొరికే దాని చుట్టం 124. యూరప్ రోలర్ 125. ఈ సంగతి తెలిశాక నా పని సగం తేలికైంది. పేర్లు మారతాయి, స్పెల్లింగులు మారతాయి, 123 మారదు. పాత జిల్లా జాబితాల్లో పేరు అర్థం కాకపోతే నంబరు చూసుకుంటే చాలు.

జెర్డన్ దేశీయ పేర్లు కూడా ఇస్తాడు. మన పాలపిట్ట పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అక్కడ కనబడితే ఒళ్ళు పులకరించిందంటే అతిశయోక్తి కాదు. పాలు తక్కువిచ్చే ఆవుకి ఈ పిట్ట ఈకలు కత్తిరించి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని మనవాళ్ళు నమ్మేవాళ్ళని కూడా పాత ఇంగ్లీషు పుస్తకాల్లో రాసి ఉంది. మా వైపు ఎవరినడిగినా ఆ సంగతి విన్నామన్నవాళ్ళు లేరు. సరే, అది వేరే కథ.

1862లో జెర్డన్ దగ్గర పేరు ఇండికా. 1892లో బ్రిటిష్ మ్యూజియం పక్షుల కేటలాగు 17వ సంపుటంలో షార్ప్ దగ్గర కూడా ఇండికానే. 1895లో బ్లాన్‌ఫర్డ్ దగ్గర ఇండికా. 1927కి వచ్చేసరికి, అదే ‘ఫానా’ రెండో కూర్పులో, అస్సాంలో పోలీసు ఉద్యోగం చేసిన స్టూవర్ట్ బేకర్ దాన్ని బెంఘాలెన్సిస్ చేశాడు, ఇండికాని దాని కింద ఉపజాతిగా, అంటే పేరులో మూడో ముక్కగా దించాడు. అంటే ఆ ముప్పై ఏళ్ళలో ఏదో జరిగింది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు కిందికి, 1758కి.

లిన్నేయస్ ‘సిస్టమా నాచురే’ పదో కూర్పు స్టాక్‌హోంలో అచ్చయింది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్ ఉచితంగా దొరుకుతుంది. దొరకడమైతే దొరికింది కానీ, వెతుకుడు పెట్టెలో బెంఘాలెన్సిస్ అని కొడితే ఆ పేజీ రాదు. అప్పటి అచ్చులో మాట మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరం పొడుగ్గా, కొక్కెంలా ఉంటుంది, అచ్చం ‘ఎఫ్’ లాగే. అడ్డగీత ఒక్కటే తేడా, అది కూడా సగమే. కంప్యూటరు దాన్ని ‘ఎఫ్’ అనే చదువుకుంటుంది. అందుకని ‘బెంఘాలెన్ఫిస్’ అని వెతకాలి. నవ్వుతాలకి అంటున్నట్టుంటుంది గానీ 18వ శతాబ్దం పుస్తకాలన్నిటికీ ఇదే మందు. ఇంకో మెలిక, కొందరు ‘జి’ తర్వాత ‘హెచ్’ వేస్తారు, కొందరు వేయరు. కాబట్టి ఒక్కో పుస్తకంలో నాలుగు రకాలుగా వెతకాలి. అప్పటికీ దొరక్కపోతే పేజీలు తిప్పుకోవడమే.

దొరికింది. 106వ పేజీ. ప్రజాతి పేరు కార్వస్. యూరప్ కాకులు, మాగ్‌పై, జే, అన్నీ ఉన్న ప్రజాతి అది. వాటి మధ్యలో కార్వస్ బెంఘాలెన్సిస్.

పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మకి చెప్పాను, స్వీడన్ దేశపాయన మన పాలపిట్టని కాకుల్లో వేశాడే అని.

“గదేంది, కండ్లు కనవడ్తలేవా ఆయనకు? జమ్మి కాడ మొక్కే పిట్టను కాకి అంటడా?”

“ఆయన పిట్టని చూడలేదమ్మా.”

“చూడకుండ పేరెట్ల వెడ్తడు మరి?”

ఆమె అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. తర్వాతి మూడు రోజులూ దానికి జవాబు వెతకడంతోనే సరిపోయింది. తమాషా ఏమిటంటే, ఆ పుస్తకంలో పేజీ తిప్పితే 107లో కొరాసియాస్ ఉంది. యూరప్ రోలర్ అక్కడే ఉంది. దాని పక్కన యూరప్ వంగపండు పిట్టని కూడా రోలరే అనుకుని అందులో కూర్చోబెట్టాడు. మన పిట్ట ఇంటికి ఒక్క పేజీ దూరంలో ఉండిపోయింది.

లిన్నేయస్ రాసింది రెండు మూడు వరుసల లాటిన్. నాకు లాటిన్ రాదు. మా ఊళ్ళో రిటైరైన బోటనీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. మొక్కల వాళ్ళకి లాటిన్‌తో పని తగులుతుంది. కొత్త మొక్కకి పేరు పెట్టాలంటే 2011 దాకా లాటిన్‌లో వర్ణన రాయాల్సిందే, ఆ తర్వాతే ఇంగ్లీషు చాలన్నారు. ఆయన దగ్గరికి ప్రింటు పట్టుకెళ్ళాను.

కళ్ళజోడు పైకెత్తి చూసి, “ఇందులో చదవడానికేముందయ్యా. రంగులు చెప్పాడు. ఆల్బిన్‌ని చూడమన్నాడు. బెంగాల్లో ఉంటుందన్నాడు. అయిపోయింది” అన్నారు.

“ఆల్బిన్ ఎవరు సార్?”

“అది నువ్వు చెప్పాలి. పక్షులు నీవి.”

ఎలియేజర్ ఆల్బిన్ లండన్‌లో నీటిరంగుల బొమ్మలు నేర్పే మనిషి. 1731 నుంచి 1738 దాకా మూడు సంపుటాల పక్షుల పుస్తకం వేశాడు. బొమ్మలకి చేత్తో రంగులు వేసేవాళ్ళు, కూతురు ఎలిజబెత్ కూడా చేయి వేసింది. మొదటి సంపుటం పేరులోనే నూటొక్క రాగి పలకలు, ప్రాణమున్న పక్షుల్ని చూసి చెక్కినవి అని గొప్పగా ఉంటుంది. ముందుమాటలో ఒక ప్రకటన కూడా ఉంది, నాకు భలే నచ్చింది. అరుదైన పక్షి ఎవరి దగ్గరైనా ఉంటే ఫలానా వీధిలో ఉన్న నాకు పంపండి, రెండో సంపుటంలో దాని బొమ్మ వేసి మీ పేరు పోషకుల్లో రాస్తాను అని. అప్పట్లో పక్షి శాస్త్రం ఇలా చందాల మీద నడిచింది.

ఈ ఆల్బిన్ పుస్తకంలోనే ‘బెంగాల్ నుంచి వచ్చిన జే’ అని మన పిట్ట ఉంది. జే అంటే యూరప్‌లో కాకి జాతికి చెందిన, రెక్కల్లో కాస్త నీలం మెరిసే పక్షి. మన పాలపిట్ట సైజు, నీలిరెక్కలు చూసి లండన్ వాళ్ళకి అదే గుర్తొచ్చింది. తర్వాతి రెండు వందల ఏళ్ళు మన దేశంలో ఇంగ్లీషు దొరలు పాలపిట్టని బ్లూ జే అనే పిలిచారు, ఇప్పటికీ పెద్దవాళ్ళు కొందరు అంటారు. లిన్నేయస్ లెక్కలో జే కార్వస్, ఇది బెంగాల్ జే అంటున్నారు, కాబట్టి ఇదీ కార్వస్. కాకుల పేజీ సంగతి ఇదీ అని నా అభిప్రాయం. ఆయన తప్పేం లేదు, కాగితం మీద ఉన్న పేరుని నమ్మాడు.

ఇంతకీ ఆల్బిన్ అయినా పిట్టని చూశాడా అంటే, పుస్తకం పేరు ఏం చెప్పినా, ఈ బొమ్మ మాత్రం ఇంకో బొమ్మకి నకలు. అసలు బొమ్మ జోసెఫ్ డాండ్రిడ్జ్ దగ్గర ఉంది. ఆయన లండన్‌లో పట్టుబట్టలకి డిజైన్లు గీసేవాడు, పురుగులు, పక్షులు, నాచులు, దొరికినవన్నీ పోగుచేసుకునే పిచ్చి ఉన్నవాడు. ఆ బొమ్మని ఆల్బిన్ చెక్కాడు, ఆల్బిన్ పలకని చూసి లిన్నేయస్ పేరు పెట్టాడు. బెంగాల్ అన్న మాట కూడా ఆ దారినే వచ్చింది. ఆ దారిలో ఎక్కడో ఒక చోట నిజమైన పిట్ట ఉండి ఉంటుంది కదా, అది ఏ ఊరి చెట్టు మీదిదో చెప్పే కాగితం మాత్రం ఏదీ లేదు. అమ్మకి ఇదే చెప్పాను. “మంచిగున్నది” అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక ఇండికా. అది ఎనిమిదేళ్ళ తర్వాతి మాట. జార్జ్ ఎడ్వర్డ్స్ అని లండన్‌లో వైద్యుల కాలేజీ లైబ్రరీ చూసుకునే ఆయన. పక్షుల బొమ్మల్లో ఆ కాలానికి ఆయన్ని మించినవాడు లేడు. ‘గ్లీనింగ్స్ ఆఫ్ నాచురల్ హిస్టరీ’ అని మూడు సంపుటాలు వేశాడు, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క ఫ్రెంచి, రెండు వరుసలుగా. 1764లో వచ్చిన మూడో సంపుటంలో ‘ఈస్ట్ ఇండీస్ బ్లూ జే’ అని పాలపిట్టని వేశాడు. ఈసారి నిజంగా పిట్ట ఉంది, సింహళం నుంచి వచ్చింది. లిన్నేయస్ 1766లో పన్నెండో కూర్పు తెస్తూ ఎడ్వర్డ్స్ పలకని చూసి దానికి కొరాసియాస్ ఇండికా అని పేరు పెట్టాడు. అలా ఒకే మనిషి ఒకే పిట్టకి రెండు పేర్లు పెట్టాడు, ఒకటి నకలు బొమ్మని చూసి, ఇంకొకటి మంచి బొమ్మని చూసి. రెండోసారి ప్రజాతి సరిగ్గా కుదిరింది, బొమ్మ మంచిది కావడం వల్లనే అనుకుంటాను.

ఎడ్వర్డ్స్ తన పక్షులకి లాటిన్‌లో రెండు మాటల పేర్లు పెట్టుకోలేదు, ఇంగ్లీషు పేర్లతో సరిపెట్టుకున్నాడు. అందుకని ఆయన బొమ్మల మీద ఆధారపడిన పేర్లు వందల కొద్దీ లిన్నేయస్ ఖాతాలో పడ్డాయి. ఈ వెతుకులాటలో నాకు కాస్త కోపం వచ్చిన చోటు ఇదే. పేరు పక్కన రాసే మనిషి పేరు, పని చేసినవాడిది కాదు, రూలు ప్రకారం ముందు అచ్చేయించినవాడిది.

ఫ్రెంచి వాళ్ళ వైపు ఇంకో పాయ ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను. బ్యుఫాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త కాలంలో వేసిన రంగుల పలకల్లో మన పిట్ట ‘మిండనావో రోలర్’ అని కనబడుతుంది. మిండనావో ఫిలిప్పీన్స్‌లో దీవి. అక్కడ పాలపిట్ట లేదు. ఓడల్లో వచ్చిన పక్షి తోళ్ళ మీద ఊరి పేరు ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో, దాన్ని బట్టే అప్పటి భూగోళం. పాత పుస్తకంలో ‘నివాసం’ అని ఏదుంటే అది నమ్మకూడదని ఇక్కడ నాకు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు వెనక్కి, 1895కీ 1927కీ మధ్యకి. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది పేర్ల విషయంలో మూలసూత్రం. 1758 ముందు, 1766 తర్వాత. మరి జెర్డన్, షార్ప్, బ్లాన్‌ఫర్డ్ లాంటి ఉద్దండులు 1766 పేరు ఎందుకు వాడారు? వాళ్ళకి పదో కూర్పు తెలియక కాదు. 1842లో ఇంగ్లండులో స్ట్రిక్‌లండ్ నాయకత్వంలో ఒక కమిటీ నామకరణానికి నియమాలు రాసింది. చార్లెస్ డార్విన్ కూడా ఆ కమిటీలో ఒకడు. పేర్ల లెక్క లిన్నేయస్ పన్నెండో కూర్పు నుంచి మొదలుపెట్టాలన్నారు, అంటే 1766 నుంచి. దానికి ముందువి లెక్కలోకి రావు. ఆ నియమం కింద 1758 పేరుకి ముందు పుట్టిన హక్కు లేనే లేదు. అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం 1886లో పదో కూర్పుకి జరిగింది. 1905లో వచ్చిన అంతర్జాతీయ నియమాలు కూడా అదే అన్నాయి, ఇప్పటి నియమావళి 1758 జనవరి 1ని గీతగా పెట్టుకుంది. గీత ఎనిమిదేళ్ళు వెనక్కి జరిగింది, దాంతో కాకుల పేజీలోని పేరు లేచి ముందుకొచ్చింది. స్టూవర్ట్ బేకర్ చేసింది ఆ కొత్త గీత ప్రకారం పుస్తకం సరిచేయడమే. పిట్టలో మారిందేమీ లేదు, దాని గురించి కొత్తగా తెలిసిందీ ఏమీ లేదు. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో ఇంకో పేరు కనబడితే వెంటనే ‘కొత్త పరిశోధన’ అనుకుంటాం. చాలాసార్లు రూలు మారి ఉంటుంది, అంతే.

నిజంగా పరిశోధన వల్ల మారింది 124 నంబరు, అస్సాం వైపు చుట్టం. మన పిట్టకంటే ముదురు రంగు, రొమ్ము మీద ఊదా ఛాయ. దాని పేరు అఫినిస్. ఇక్కడ చిక్కు తారీఖుతో వచ్చింది. పాత పుస్తకాల్లో ‘మెక్‌క్లెలండ్, 1839’ అని ఉంటుంది, కొత్తవాటిలో ‘హార్స్‌ఫీల్డ్, 1840’ అని. పుస్తకం ఒకటే, పేజీ ఒకటే, 164. మెక్‌క్లెలండ్ అస్సాంలో సేకరించిన పక్షుల్ని లండన్‌లో హార్స్‌ఫీల్డ్ సరిచూసి వర్ణించాడు. లండన్ జువలాజికల్ సొసైటీ సమావేశం 1839లో జరిగింది, సంపుటం మీద 1839 అనే ఉంటుంది, ఆ కాగితాలు అచ్చయి బయటికొచ్చింది మాత్రం 1840లో. నియమావళికి సంపుటం మీద ఉన్న ఏడుతో పని లేదు, జనం చేతికి అందిన తారీఖు కావాలి. పాత సొసైటీల పత్రికలన్నిటిలో ఈ తేడా ఉంటుంది. కాబట్టి అట్ట మీది ఏడు రాసుకుని ఊరుకోకుండా, ఆ పత్రిక భాగాలు ఎప్పుడెప్పుడు విడుదలయ్యాయో చెప్పే వ్యాసాలు ఉంటాయి, అవి చూసుకోవాలి. విసుగు పుట్టించే పని, నేను దాన్ని త్వరగా ముగించేశాను.

అఫినిస్‌ని బ్లాన్‌ఫర్డ్ వేరే జాతి అన్నాడు. బెంగాల్, ఆ చుట్టుపక్కల రెండూ కలిసిపోయిన మధ్యరకం పిట్టలు కనబడతాయి కాబట్టి తర్వాతివాళ్ళు దాన్ని పాలపిట్టకి ఉపజాతి చేశారు. సలీం అలీ, రిప్లీల హ్యాండ్‌బుక్‌లో కూడా ఉపజాతే. 2018లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనంలో తేలిందేమిటంటే, అఫినిస్‌కి దగ్గరి చుట్టం మన పాలపిట్ట కాదు, ఇండోనేషియాలో సులవేసి దీవి రోలర్. ఇప్పుడు ప్రపంచ జాబితాల్లో అది మళ్ళీ వేరే జాతి. 124 తన నంబరు తాను వెనక్కి తెచ్చుకుంది.

ఇక్కడే నాకు భయం పట్టుకుంది, సొంత ఆస్తి కాగితాలు చూసుకుంటున్నప్పుడు పుట్టే టెన్షన్ లాంటిది. బెంఘాలెన్సిస్ అన్న పేరుకి మూలం ఒక నకలు బొమ్మ. పిట్ట తోలు ఎక్కడా లేదు. ఊరు బెంగాల్ అన్నారు, బెంగాల్లోనేమో రెండు రకాలూ కలుస్తాయి. రేపెవరైనా వచ్చి ఆ బొమ్మలో ఉన్నది ఫలానా ప్రాంతపు పిట్ట అంటే పేర్లన్నీ అటూ ఇటూ అయిపోవా? ఈ గొడవ గురించి నాకంటే ముందే ఆలోచించినాయన ఉన్నాడు. కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షుల విభాగం చూసిన బిశ్వమయ్ బిశ్వాస్. 1961లో ఆయన అంతర్జాతీయ నామకరణ కమిషన్‌కి ఒక ప్రతిపాదన పంపాడు. కార్వస్ బెంఘాలెన్సిస్ అన్న పేరుకి కొత్త మూల నమూనాని, అంటే నియోటైప్‌ని, అధికారికంగా నిర్ణయించండి అని. ఒక నిజమైన పిట్ట తోలుని చూపించి ‘ఇకనుంచి ఈ పేరు దీనిది’ అని ముద్ర వేయడం. కమిషన్ ఒప్పుకుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరుకి ఒక పిట్ట దొరికింది. నేను చదివినవాటిలో అన్నిటికంటే పొడిగా, ఆఫీసు కాగితంలా ఉన్నది ఆ ప్రతిపాదనే. నాకు అన్నిటికంటే బాగా నచ్చింది కూడా అదే.

మిగిలింది ఇండికా ఇండికస్ ఎలా అయిందన్నది. ఇది సంస్కృతం చదువుకున్నవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. లాటిన్‌లో కూడా విశేషణం లింగాన్ని బట్టి మారుతుంది. 19వ శతాబ్దంలో కొరాసియాస్‌ని స్త్రీలింగంగా వాడారు, అందుకే గారులా, ఇండికా. ఇప్పుడు అది పుంలింగమని తేల్చారు, లిన్నేయస్ కూడా 1758లో గారులస్ అనే రాశాడు. కాబట్టి ఇండికా ఇండికస్ అయింది. బెంఘాలెన్సిస్‌కి రెండు లింగాల్లోనూ ఒకే రూపం, అందుకని దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పుడున్న లెక్క ప్రకారం ఉత్తరాదివి బెంఘాలెన్సిస్ ఉపజాతి, మధ్య, దక్షిణ భారతం, శ్రీలంకవి ఇండికస్. అంటే మన జమ్మిచెట్టు మీద వాలే పిట్టకి, సింహళపు పిట్టని చూసి ఎడ్వర్డ్స్ వేసిన బొమ్మ తాలూకు పేరే మూడో మాటగా మిగిలింది. సెలవులయ్యాక గోడపత్రిక అడుగున ఇంకో మాట, దాని పక్కన బ్రాకెట్టు లేకుండా 1766 చేర్పించాను. ఏడో తరగతి పిల్లాడొకడు పైన 1758 ఉంది, కింద 1766 ఉంది, ఏది కరెక్టు సార్ అన్నాడు. రెండూ అన్నాను. వాడు నా వైపు అనుమానంగా చూశాడు. జాతికి ఒకటి, ఉపజాతికి ఒకటి అని బోర్డు మీద రాసి చూపిస్తే గానీ వదల్లేదు.

ఇప్పుడు బట్టమేకపిట్ట మీద పడ్డాను, కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డినేలల పిట్ట. 1831లో వైగర్స్ ఓటిస్ నైగ్రిసెప్స్ అని పెట్టాడు. గడ్డి మైదానం దాటి కొండెక్కని ఆ పిట్ట బొమ్మ మొదట కనబడింది గూల్డ్ వేసిన హిమాలయ పక్షుల పుస్తకంలో. జెర్డన్ దగ్గరికొచ్చేసరికి ప్రజాతీ వేరు, జాతి పేరూ వేరు, ఎడ్వర్డ్సి అంటాడు. ఈ ఎడ్వర్డ్స్ ఎవరో, మళ్ళీ ఆ పొడి అక్షరాల ముద్దలోకి దిగి చూడాలి.